కొత్త బోర్డులో చచ్చిన సెల్లు

రోజూ పొద్దున షటరు లేపి, వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, అగరుబత్తి ముట్టించాక స్వర్ణ చేసే మొదటి పని కంప్యూటరుకు ఆ రోజు తారీఖు చెప్పడం.

మీట నొక్కగానే నల్లని తెర మీద తెల్లని అక్షరాలు వచ్చి నిలబడేవి. తారీఖు పోయింది, సరిచేసుకుంటావా, ఇట్లాగే ముందుకు పోతావా అని వాటి అర్థం. ఆమె ముందుకే పోయేది. తెర వెలిగాక కింద మూలన ఎప్పుడూ ఒకటే తారీఖు. రెండు వేల రెండు, జనవరి ఒకటి. రాత్రి కరెంటు పోతే చాలు, ఆ యంత్రం తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లి కూర్చునేది.

ఆ తారీఖున తమ్ముడు భూపాల్ ఏడో తరగతి. చొక్కా జేబు ఎప్పుడూ సిరా కారి నీలంగా ఉండేది. స్వర్ణ మౌసు మీద చెయ్యి పెట్టి కూడా, కొన్నిసార్లు మార్చకుండా కాసేపు ఊరుకునేది. ఎవరో గిరాకీ వచ్చి "అక్కా, జిరాక్స్" అంటే అప్పుడు గోడ వైపు తిరిగేది. గోడకు రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉంది. నిన్నటి కాగితం చింపి, కింద తేలిన అంకె చూసి, దాన్నే కంప్యూటరులో పెట్టేది. ఆ తర్వాతే ఫోటోల పని. దరఖాస్తులకైనా గుర్తింపు కార్డులకైనా ఫోటో కింద తెల్లని పట్టీలో పేరూ, దిగిన తారీఖూ ఉండాలని అడుగుతున్న రోజులవి. పేరు స్వర్ణ కొట్టేది. తారీఖు కంప్యూటరు తనంతట తాను వేసేది.

కంప్యూటరులోని పాత బోర్డు ఎండాకాలంలో కాలిపోయింది. పోయిన కరెంటు ఒక్కసారిగా ఎక్కువై రావడంతో లోపలి నుంచి పొగ వచ్చింది. అదే సిద్ధిపేట బజారులో కంప్యూటరు సామాను అమ్మే సిద్ధయ్య కొత్త బోర్డు అని చెప్పి, ఆమె కళ్ల ముందే డబ్బా విప్పి వేయించాడు. వేసినవాడు ఆయన దగ్గర పనిచేసే అఫ్సర్ అనే పిల్లవాడు. మర్నాటి నుంచే తారీఖు పోవడం మొదలైంది. స్వర్ణ వెళ్లి అడిగింది.

"కొత్త బోర్డు గద సేటూ, తారీఖు ఎందుకు నిలుస్తలేదు?"

సిద్ధయ్య పాన్ ఒక బుగ్గకు నెట్టుకున్నాడు. "కొత్త కోడలు గదనే. అత్తగారిల్లు అలవాటు కావద్దా?"

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు.

"లోపల బ్యాటరీ ఉంటదంట గద. అది మార్పియ్యి."

"నిన్న కొన్నదానికి ఇయ్యాల బ్యాటరీయా? అది ఏండ్లకేండ్లు నడుస్తది. బయట విప్పిపిచ్చినవంటే గ్యారంటీ పాయె. సీలు చూసినవా? నీ ఇష్టం మల్ల."

ఆమె మెట్లు దిగుతుంటే అఫ్సర్ వెనకాలే వచ్చి, వీధి వైపు చూస్తూ మాట్లాడాడు.

"అక్కా, నేను చెప్పిన్నని చెప్పకు. సెల్లు ఖతం. రూపాయి బిళ్లంత ఉంటది, కరెంటు లేనప్పుడు తారీఖు పట్టుకునేది గదే. గీ బోర్డులు గోదాంల ఎన్నేండ్లు పడి ఉన్నయో ఏమో. బోర్డు కొత్తదే, సెల్లు డబ్బలనే సచ్చిపోయింది. బడులకు, ఆఫీసులకు గూడ గియ్యే ఇచ్చిండు. నీకు మారిస్తే అందరికి మార్చాలె. అందుకే సేటు ముట్టనియ్యడు."

"మరి నేనేం చెయ్యాలె?"

"పొద్దుగాల తారీఖు పెట్టుకో. గంతే."

గంతే కదా అనుకుంది స్వర్ణ. ఆమె పెనిమిటి లారీ డ్రైవరు. తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక లారీ నాగపూర్ అవతల ఎక్కడో నిలిచిపోయింది. ఇంట్లో తనూ, తల్లి కొమురవ్వా. గొడవ పడటానికి ఆమె దగ్గర ఓపిక లేదు.

దుకాణానికి ఎదురుగా, రోడ్డు అవతల ఉద్యమ శిబిరం. శామియానా కింద రోజుకొక సంఘం వాళ్లు నిరాహార దీక్షలో కూర్చునేవారు. వెనక వైపు చెక్క పలకలకు కట్టిన గులాబీ రంగు గుడ్డ మీద, చుట్టుపక్కల ఊళ్లలో తెలంగాణ కోసం పోయినవాళ్ల ఫోటోలు వరసగా ఉండేవి. వాటన్నిటినీ పెద్దవి చేసి ఇచ్చింది స్వర్ణే. పైసలు తీసుకోలేదు. కొండపాక నుంచి ఒక తల్లి బస్ పాసు మీది ఫోటో తెచ్చింది, దాన్ని కూడా మచ్చలు తుడిచి పెద్దది చేసింది. ఆ వరసలో భూపాల్ ఫోటో ఉంది. కిందటి ఏడు ఊరేగింపులో తల మీద లాఠీ పడింది. దవాఖానలో మళ్లీ కళ్లు తెరవలేదు.

కొమురవ్వకు ఇంట్లో కూడా కొడుకు ఫోటో ఉంది. ఆమె దాని వైపు చూసేది కాదు. ఇంట్లో ఉన్నవాడు చచ్చిపోయిన కొడుకు. శిబిరంలో ఉన్నవాడికి మాత్రం రోజూ అంతమంది లేచి నిలబడి, పిడికిలి ఎత్తి జోహార్ చెప్పేవారు. పొద్దున అంబలి తాగి వెళ్లి ఆమె ఆ ఫోటో కిందనే కూర్చునేది. కొత్తగా ఎవరొచ్చినా వేలు పైకెత్తి చూపేది. "మా పిలగాడు" అనేది. అంతకు మించి మాట్లాడేది కాదు. స్వర్ణ ఒకసారి, ఎండలో ఎందుకవ్వా, ఇంట్లో ఉండరాదా అంటే, "గా గోడకు ఉన్నన్ని దినాలు వాడు ఉత్తగ పోయినట్టు గాదు పిల్లా" అంది.

పంతొమ్మిదో తారీఖు సోమవారం బంద్. చాయ్ హోటలు కూడా పొయ్యి వెలిగించలేదు. పొద్దున స్వర్ణ తల్లితో పాటు శిబిరంలోనే కూర్చుంది. మధ్యాహ్నానికి కొమురవ్వకు కళ్లు తిరిగితే ఇంటికి తీసుకుపోయి, తల ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా విసనకర్రతో విసిరింది. షటరు తాళం ఆ రోజు ముట్టుకోలేదు.

మంగళవారం దుకాణం తెరిచింది. ఊడ్చింది, నీళ్లు చల్లింది, అగరుబత్తి ముట్టించింది. అలవాటుగా గోడ మీద ఒక కాగితం చింపింది. ఆదివారం నాటి పద్దెనిమిది పోయి పంతొమ్మిది వచ్చింది. దాన్నే కంప్యూటరులో పెట్టింది. రెండు కాగితాలు చింపాల్సిన రోజు అది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక మళ్లీ గోడ వైపు చూసి మళ్లీ అదే అంకె పెట్టింది.

అంతకు ముందు, పొద్దున్నే ఒక కానిస్టేబులు వచ్చాడు. బందోబస్తుకు ఎక్కడి నుంచో దింపిన దళంలోని వాడు. భూపాల్ వయసే ఉంటుంది. గుర్తింపు కార్డుకు ఫోటో కావాలన్నాడు. ఆ బట్టల వైపు చూసి స్వర్ణ పొమ్మందామనుకుంది. వాడు టోపీ తీసి, నీళ్ల సీసాతో మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని బల్ల మీద బుద్ధిగా కూర్చున్నాడు. తీసి ఇచ్చింది. మొదటిసారి ప్రింటు కొట్టినప్పుడు ఫోటోలో నుదురు తెగిపోతే ఆ ముక్క చెత్తలో వేసి మళ్లీ కొట్టింది. సాయంత్రం షటరు దించబోతూ గోడ వైపు చూసి నాలిక కరుచుకుంది. ఇంకో కాగితం చింపి వెళ్లిపోయింది.

బుధవారం పొద్దున ఊడ్చిన చెత్తలోంచి ఆ నుదురు తెగిన ఫోటో గాలికి రోడ్డు దాటింది.

శిబిరం నుంచి పిలుపు వచ్చేసరికి స్వర్ణ జిరాక్సు మిషను తుడుస్తోంది. కొమురవ్వ ఆ రోజు నీరసంగా ఉండి రాలేదు. వెళ్లేసరికి మైకు ఆపేసి ఉంది. వ్యాపారుల తరఫున శిబిరం చూసుకునేవాడు సిద్ధయ్యే. ఆయన చేతిలో ఫోటో ఉంది. పక్కన మిగతావాళ్లు, వాళ్ల వెనక అఫ్సర్.

"గిది నీ దుకాణందే గద బిడ్డా?"

"మాదే."

"ఎవరీడు?"

"ఎవరో పోలీసాయన. పేరు కిందనే ఉన్నది గద."

"పేరు సూసినం. పేరు పక్కన తారీఖు గూడ సూసినం. సదువు."

స్వర్ణ చూసింది. పంతొమ్మిది అని ఉంది. ముందు ఆమెకు నవ్వు వచ్చింది, అదే ఆమె చేసిన తప్పు. "అయ్యో, గదా! బంద్ నాడు షాపు తెర్వలేదు గద, కాగితం చింపుడు మరిచిన. మంగళారం తీసిన ఫోటో ఇది. తారీఖు ఒకదినం ఎనక పడ్డది."

"నవ్వుతుందిరో!" ఎవరో అరిచారు.

"షటర్ సగం దించి లోపల దందా నడిపింది."

"అదీ ఎవనికి? పోలీసోనికి!"

"తమ్ముని తల పగలగొట్టినోళ్లకు కాలర్ సర్ది ఫోటో తీసిందిరా!"

నవ్వు ఆమె మొహం మీద ఎక్కడిదక్కడే ఆగిపోయింది. "నా మాట ఇనున్రి. కంప్యూటర్ల బ్యాటరీ సచ్చిపోయింది. తారీఖు నిలువది. నేను రోజు క్యాలెండర్ చూసి పెడ్త. బంద్ నాడు తెర్వలే కాబట్టే కాగితం మిగిలింది. తెరిస్తే మిగిలేది గాదు."

"క్యాలెండర్ సాక్ష్యమట!" నవ్వులు. ఒకాయన మాత్రం నవ్వలేదు. సిద్ధయ్య వైపు తిరిగి, "సేటూ, కంప్యూటర్ల సంగతి నీకే ఎరుక. గట్లయితదా?" అని అడిగాడు.

అందరూ సిద్ధయ్య వైపు చూశారు. ఆయన ఫోటోను అటూ ఇటూ తిప్పాడు. ఆయన దగ్గర బోర్డులు కొన్న బడుల సార్లు ఇద్దరు ఆ రోజు దీక్షలోనే కూర్చుని ఉన్నారు, మెడలో దండలతో.

"బోర్డు నేనే ఇచ్చిన. ఎండాకాలంల ఇచ్చిన, సీలు గూడ తియ్యలేదు. కొత్త బోర్డుల బ్యాటరీ ఎట్ల సస్తది? ఏండ్లకేండ్లు నడుస్తది."

"అఫ్సర్!" స్వర్ణ గొంతు పెరిగింది. "నువ్వు చెప్పలేదా? సెల్లు ఖతం అని మెట్ల మీద చెప్పలేదా తమ్మీ?"

అఫ్సర్ కాలి చెప్పుతో నేల మీద ఏదో రుద్దుతున్నాడు. సిద్ధయ్య మెల్లగా అడిగాడు. "చెప్పినవా రా?"

"నాకేం ఎరుక సేటూ. నేనెందుకు చెప్త."

"ఇప్పుడే విప్పి చూడున్రి. రూపాయి బిళ్లంత ఉంటదంట. నా దుకాణం గాడనే ఉన్నది గద, నడువున్రి" అంది స్వర్ణ. ఎవరూ కదల్లేదు. రోడ్డు దాటితే తేలిపోయే సంగతి. కానీ ఎండ ఎక్కువగా ఉంది. పైగా తేలిపోవాలని అక్కడ ఎవరికీ లేదు. సమ్మెలో జీతాలు లేని మనుషులు వాళ్లు. చాలా రోజులుగా ఎవరినీ ఏమీ చేయలేక కూర్చుని ఉన్నారు. ఇప్పుడు చేతికి ఒక మనిషి దొరికింది.

సిద్ధయ్య ఆమెను గుంజ పక్కకు పిలిచాడు. తండ్రి మాట్లాడినట్టే మాట్లాడాడు. "సూడు బిడ్డా. బ్యాటరీ అని ఇంకొక్క మాట అన్నవంటే మీ తమ్ముని ఫోటో గీడ ఉండదు. వాళ్ల గరం చూస్తున్నవ్ గద. తెరిచిన, తప్పయింది అను. చెవులు పట్టుకో. ఆడపిల్లవు, ఇడిచిపెడ్తరు. ఫోటో జోలికి ఎవరు రాకుంట నేను చూస్కుంట."

స్వర్ణ గుడ్డ గోడ వైపు చూసింది. అందరి ఫోటోల్లో భూపాల్ ఒక్కడే నవ్వుతున్నాడు. కాలేజీ కార్డు ఫోటో తీసేటప్పుడు నవ్వొద్దురా అంటే ఇంకా నవ్వాడు.

ఆమె వెనక్కి వచ్చి అందరి ముందు నిలబడింది. "తెరిచిన. తప్పయింది."

"ఏం తెరిచినవ్? గట్టిగ!"

"బంద్ నాడు దుకాణం తెరిచిన."

చెవులు పట్టుకుని గుంజీలు తీసింది. మొదట ఒకరిద్దరు లెక్కపెట్టారు. తర్వాత అందరూ కలిసి, చప్పట్లతో. దీక్షలో కూర్చున్న సార్లలో ఒకాయన దండ సర్దుకుంటూ వేరే వైపు చూశాడు. చీర కుచ్చిళ్లు కాలికి తట్టుకుని ఒకసారి తూలితే, "మల్ల మొదటి నుంచి" అన్నారు. మొదటి నుంచి తీసింది.

ఆమె చెవులు వదిలి చెంగుతో మొహం తుడుచుకుంటుంటే వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"ఒప్పుకున్నది గద! మరి గా ఫోటో గీడెందుకు? అమరుల పక్కన ద్రోహి తమ్ముడా?"

"అవ్! తియ్యాలె!"

స్వర్ణ సిద్ధయ్య వైపు తిరిగింది. ఆయన రెండు చేతులూ చాపాడు. "నేనేం జేస్త బిడ్డా. పదిమంది అంటున్నరు. నువ్వే ఒప్పుకుంటివి."

కుర్చీ తెచ్చి వేశారు. ఎక్కినవాడెవరో స్వర్ణ చూడలేదు. కుర్చీ కదలకుండా పట్టుకున్నవాడు మాత్రం అఫ్సర్. ఫోటో ఆమె చేతికి ఇచ్చారు. దాన్ని గుండెకు ఆనించుకుని రోడ్డు దాటింది. ఆమె వెనక మైకు మళ్లీ మొదలైంది.

ఇంటికి తెచ్చి ఫోటోను బియ్యం డబ్బా వెనక బోర్లా పెట్టింది. కొమురవ్వకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పొద్దుగూకకముందే వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు వచ్చి, గడపలో నిలబడి, స్వర్ణ ఎన్ని గుంజీలు తీసిందో కూడా చెప్పి వెళ్లారు. కొమురవ్వ విన్నది. అన్నం వద్దని పండుకుంది.

తెల్లవారి స్వర్ణ లేచేసరికి కొమురవ్వ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఉంది. బియ్యం డబ్బా వెనక నుంచి ఫోటో తీసి ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడుస్తోంది.

"యాడికవ్వా?"

"శిబిరానికి."

"రానియ్యరు."

"నిన్ను రానియ్యరు."

స్వర్ణ తల్లి ముందు కూర్చుంది. "నేను తెర్వలే అవ్వా. నీ తోడు. ఆ దినమంత నీ తల నా ఒళ్లనే ఉండె గద."

"ఎరుకే. గా మాత్రం నాకు ఎరుక లేదా?"

స్వర్ణకు ఊపిరి ఆడింది. నిన్నటి నుంచి మొదటిసారి. "అయితే గా మాట వాళ్లకు చెప్పవ్వా. నువ్వు చెప్తే ఇంటరు. భూపాల్ తల్లివి నువ్వు."

కొమురవ్వ తుడవడం ఆపలేదు. "చెప్పంగనే ఏమంటరు? కన్నబిడ్డను ఎనకేసుకొచ్చింది ముసల్ది అంటరు. నన్ను గూడ ఎళ్లగొడ్తరు. వీడు గీ బియ్యం డబ్బ ఎనకనే ఉంటడు."

"మరి ఏమని చెప్తవ్?"

ఫోటో మూలన మేకు కొట్టిన చోట చిరుగు ఉంది. కొమురవ్వ దాన్ని వేలితో నొక్కి సాపు చేస్తూ ఉంది.

"నువ్వు బతికున్నవ్ బిడ్డా" అంది చివరికి. "నీకు పెనిమిటున్నడు. ఈ ఊరు గాకపోతే ఇంకో ఊరుంటది. వానికేమున్నది? గా గుడ్డ గోడ ఒక్కటే ఉన్నది."

స్వర్ణ తల్లి మొహంలోకి చూసింది. కోపం లేదు. ఏడుపు కూడా లేదు. ఊరికి ప్రయాణమైన మనిషి మొహంలా ఉంది.

"నన్ను ఇడుస్తున్నవా అవ్వా?"

"గాడ నేనేమన్న గూడ నోరు తెర్వకు" అంది కొమురవ్వ. ఫోటో చంకలో పెట్టుకుని గడప దాటింది.

స్వర్ణ వెనకాలే వెళ్లింది కానీ రోడ్డు దాటలేదు. తన దుకాణం మెట్టు మీద, దించి ఉన్న షటరుకు ఆనుకుని నిలబడింది. అవతల కొమురవ్వ జనంలోంచి నడిచి ముందుకు వెళ్లడం కనబడింది. చేతులు చాచి ఎవరి మీదకో వంగింది. అది సిద్ధయ్య. ఆయన కాళ్ల మీద పడబోతే ఆయన పట్టుకుని లేపాడు. ఎవరో ఆమె నోటి దగ్గర మైకు పెట్టారు. ఆ ముసలి గొంతు మైకులోంచి రోడ్డు ఈ వైపుకు కూడా బాగా వినబడింది.

"నాకు ఒక్కడే పుట్టిండు. గా ఒక్కడే పోయిండు. బిడ్డ గిడ్డ నాకెవ్వరు లేరు. అది నా గడప తొక్కితే నేను అన్నం ముట్ట. నా కొడుకును మీల కలుపుకోన్రి, మీకు దండం పెడ్త."

చప్పట్లు మోగాయి. ఆడవాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు. కుర్చీ వచ్చింది. ఈసారి సిద్ధయ్య స్వయంగా ఎక్కాడు. మేకు పళ్ల మధ్య పట్టుకుని, ఫోటో వంకర లేకుండా రెండుసార్లు సర్ది కొట్టాడు. దీక్షలో ఉన్న పెద్దమనిషి తన మెడలోని దండ తీసి ఇచ్చాడు. కొమురవ్వ ఫోటో కింద తన చోట్లో కూర్చుంది. ఈసారి ఆమెకు చాప వేశారు.

"అమరుడు భూపాల్‌కు..." మైకు పిలిచింది.

"జోహార్!" అంది శిబిరమంతా. అందరికంటే ముందు కొమురవ్వ పిడికిలి లేచింది.

"భూపాల్‌కు..."

రోడ్డు ఈ వైపున స్వర్ణ చెయ్యి దానంతట అదే లేచింది. నోరు తెరిచింది. శిబిరం అంచున నిలబడిన ఒకడు తల తిప్పి ఆమె వైపు చూశాడు. వాణ్ని చూసి ఇంకొకడు తిప్పాడు. వాళ్ల వెనక కొమురవ్వ కూడా చూసింది. చూసి, కొంగు తల మీదకు లాక్కుంది.

స్వర్ణ చెయ్యి దించింది. జోహార్ అన్న మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది.